అమ్మ గుర్తుపట్టని తెల్లజుట్టు

ఆ ఆదివారం కోయంబత్తూరు దగ్గర కారమడైలో, తమ్ముడింట్లో, అమ్మ నా తలకు నూనె రాస్తూ ఆగిపోయింది.

"పాపా, ఈడ రూపాయి బిళ్ళంత మేర జుట్టు లేదే?"

అమ్మకి అప్పటికే డిమెన్షియా. తమ్ముడి పేరు మరిచిపోయేది కాని, నా జడ అల్లడం మరవలేదు.

రెండు నెలల్లో నల్ల వెంట్రుకలన్నీ గుత్తులుగా రాలాయి. ఎప్పటినుంచో ఉన్న నాలుగు తెల్లవి మాత్రం మిగిలాయి. కోయంబత్తూరులో స్కిన్ డాక్టరమ్మ డెర్మోస్కోప్ పెట్టి చూసి, థైరాయిడ్ టెస్టు చేయించి, "అలోపేషియా ఏరియాటా, పేనుకొరుకుడు అంటారే, అదే" అన్నారు. నెలనెలా తలలో స్టెరాయిడ్ ఇంజక్షన్లు. నాలుగో నెలలో నూగు మొలిచింది. అంతా తెలుపే. డాక్టరమ్మ ముందే ఏడ్చేశాను.

"వెంట్రుక పెరిగేటప్పుడే కుదురులోని మెలనోసైట్లనే కణాలు దానికి రంగు ఎక్కిస్తాయి. పెరుగుదల ఆగితే అవీ ఆగుతాయి. కొత్తది మొలిచినప్పుడు మళ్ళీ పని మొదలుపెట్టాలి. మీకు వెంట్రుక ముందొచ్చింది. రంగు తర్వాత రావచ్చు, ఎప్పుడో చెప్పలేను. చర్మం కుదుటపడేదాకా డై మాత్రం వద్దు."

ఆ తలతోనే అమ్మ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి గోడకి ఒదిగిపోయింది.

"ఎవురీ ముసలామె? పొమ్మను! మా పాపకి నల్ల జడ."

తమ్ముడు నన్ను బయటికి తీసుకొచ్చాడు. "అక్కా, అమ్మ బెదిరిపోతా ఉంది. జుట్టు నల్లగా అయినాక రా, సరియా?"

సరేనన్నాను. వాడు మంచికే చెప్పాడు. ఈలోగా చెవి వెనక ఇంకోచోట జుట్టు ఊడింది, మళ్ళీ ఇంజక్షన్లు. ఏడు నెలలు వెళ్ళలేదు. ఒక ఉదయం అద్దంలో చూస్తే తెల్ల వెంట్రుకల మొదట్లో గోరంత నలుపు కనిపించింది. ఇంకాస్త పెరగనీ, అప్పుడు వెళ్దాం అనుకున్నాను.

మూడు వారాలకు తమ్ముడి ఫోన్ వచ్చింది. అమ్మకి నిమోనియా. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

కర్మలయ్యాక తమ్ముడు తల వంచుకుని చెప్పాడు. "దినమూ అడిగిందక్కా, పాప ఏల రాలేదని. నీకు చెప్తే తాళవని చెప్పలే."

ఇప్పుడు నా జుట్టు భుజాల దాకా ఉంది. నుదుటి మీద కొంచెం తెలుపు మిగిలింది. జడ నేనే వేసుకుంటాను, వంకరగా వస్తుంది.

ఈ జబ్బు వచ్చినవాళ్ళకు ఒక్కటే చెప్తాను. రంగు రావడానికి నెలలు పట్టవచ్చు, రాకపోనూ వచ్చు. చూడాలనుకున్న మనిషి దగ్గరికి వెళ్ళడం అందాకా ఆపకండి. తలకి గుడ్డ కట్టుకుని వెళ్ళండి. గుర్తుపట్టకపోతే పక్క గదిలోనైనా కూర్చోండి.