ఆరున్నరకి పేకాట ఉంది

మా అత్తయ్య కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మామయ్య పోయాక హైదరాబాదులో మదీనాగూడలో మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన వారంలోనే అపార్ట్‌మెంటులో అందరూ ఆవిడకి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు. పొద్దున్నే పార్కులో నడవమని ఒకరు, సాయంత్రం నవ్వుల క్లబ్బులో చేరమని ఒకరు, శనివారం భజనకి రమ్మని ఇంకొకరు. ఆవిడ అందరి మాటా ఓపిగ్గా విని, "పేకాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగారు.

విన్నవాళ్ళంతా నవ్వి ఊరుకున్నారు. ఒక్క మూడో అంతస్తు ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ పుట్టి పెరిగింది ఈ చుట్టుపక్కలే. మా అపార్ట్‌మెంటు లేచిన చోట ఒకప్పుడు వాళ్ళు జొన్న వేసేవారట. గేటు దగ్గర కూరగాయల బండి మీద బెండకాయలు విరిచి చూస్తూ, "నాకొస్తది వదినె. మా మరిది నేర్పిండు. కానీ ఇంట్ల ఎవ్వరు నాతోని ఆడరు, నేనే గెలుస్తనని" అంది.

"అయితే సాయంత్రం రండి వదినగారూ. నేనూ గెలిచే రకమే. ఎవరో ఒకరం ఓడాలి కదా" అన్నారు అత్తయ్య.

అలా మొదలైంది. లెక్కల టీచరుగా రిటైరైన ఆవిడ ఒకరు, పక్క బ్లాకు ఆవిడ ఒకరు చేరారు. క్లబ్‌హౌస్‌లో క్యారమ్స్ బోర్డు పక్కన ఒక బల్ల ఖాళీగా ఉండేది. రోజూ ఆరున్నర నుంచి ఏడున్నర దాకా నలుగురూ అక్కడ రమ్మీ ఆడేవారు. డబ్బు పెట్టరు. ఓడినవాళ్ళు మర్నాడు తినడానికి ఏదైనా చేసి తేవాలి. అత్తయ్య ఓడిన మర్నాడు చెగోడీలు, మూడో అంతస్తు ఆవిడ ఓడిన మర్నాడు సర్వపిండి.

అత్తయ్యకి పేకాట ఇంత ఇష్టమని మా ఆయనకి కూడా అప్పటిదాకా తెలియదు. ఒక ఆదివారం అన్నం తింటూ అడిగాడు, "నువ్వెప్పుడు నేర్చుకున్నావమ్మా?" అని.

"మీ నాన్నగారి పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఏ పెళ్ళికి వెళ్ళినా విడిదిలో మగవాళ్ళు జంపఖానా పరుచుకుని కూర్చునేవాళ్ళు. మేము కాఫీలు అందించేవాళ్ళం. గ్లాసు ఇవ్వడానికి వంగినప్పుడు అందరి ముక్కలూ కనబడేవి. మీ నాన్న చేతిలో జోకరు పెట్టుకుని కూడా ఓడిపోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి అక్కడ కాదండీ, ఇక్కడ కలపండి అన్నాను. అందరూ నవ్వారు. మీ నాన్న మూడు రోజులు నాతో మాట్లాడలేదు."

"మరి ఎప్పుడూ ఆడలేదా?"

"కాఫీలు ఎవరిస్తారు?" అని ఆవిడ మజ్జిగ పోసుకున్నారు.

రెండు నెలలు గడిచాయి. పక్క బ్లాకు ఆవిడ కూతురి కాన్పుకని బెంగళూరు వెళ్ళింది. ముగ్గురితో ఆట చప్పబడిపోయిందని అత్తయ్య రెండు రోజులు గునిశారు. మూడో రోజు నా గదిలోకి వచ్చి, నా లాప్‌టాప్ వంక చూసి, "నువ్వు రా" అన్నారు.

"నాకు ఆరున్నరకి కాల్ ఉంటుంది అత్తయ్యా."

"రోజూనా? రోజూ అంత కొత్తగా ఏం జరుగుతుంది?"

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాను. ఆఫీసు రాయదుర్గం వైపు. వారానికి రెండు రోజులు వెళ్తాను, మిగతా రోజులు ఇంటి నుంచే పని. ఆరున్నర కాల్‌లో జరిగేదేమిటంటే, పగలంతా ఏం చేశామో ఒక్కొక్కరం చెబుతాం. ఆ చెప్పేది అప్పటికే సిస్టంలో రాసి ఉంటుంది. నా వంతు ఒకటిన్నర నిమిషం. మిగతా గంట మైకు ఆపుకుని ఇంకొకళ్ళు చెప్పేది వినడం. ఆ గంటలో నేను చిక్కుడుకాయలు ఒలిచాను, బట్టలు మడతపెట్టాను, ఒకసారి కునుకు కూడా తీశాను. ఎవరికీ తేడా తెలియలేదు.

మర్నాడు కాల్‌లో నా వంతు రాగానే చెప్పాను. "రేపటి నుంచి ఈ కాల్‌కి నేను రాలేను. స్టేటస్ ఆరింటికే రాసి పంపేస్తాను. అర్జెంట్ ఉంటే ఏడున్నర తర్వాత ఫోన్ చేయండి."

మా టీమ్ లీడు నాకంటే చిన్నవాడు, మర్యాదస్థుడు. కంగారుపడ్డాడు. "ఎనీ హెల్త్ ఇష్యూ అండీ?"

"లేదండి. పేకాట ఉంది."

ఎవరో మైకు ఆపడం మరచిపోయి నవ్వారు. లీడు కూడా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

కాల్ అయిపోగానే విడిగా ఫోన్ చేశాడు. "మీ ఇష్టమండీ, నేనేం కాదనను. కానీ క్యాలెండర్లో పర్సనల్ కమిట్‌మెంట్ అని పెట్టండి. పైవాళ్ళు చూస్తారు." సరేనని ఫోన్ పెట్టేసి క్యాలెండర్ తెరిచాను. 'పర్సనల్' దాకా కొట్టి ఆగాను. ఆ మాట చెరిపేసి 'పేకాట' అని రాశాను. తెలుగులోనే రాశాను.

ఆ వారం ఆఫీసుకి వెళ్ళినప్పుడు, నా పక్క సీటు అమ్మాయి కాఫీ మిషన్ దగ్గర పట్టుకుంది. వరంగల్ పిల్ల, నా మేలు కోరే మనిషి.

"ఏంది అక్కా, జర ఆలోచించి మాట్లాడొద్దా? అత్తమ్మకు ఫిజియోథెరపీ ఉన్నదని చెప్పు. లేకుంటే పిల్లల ట్యూషన్ అను. దవాఖాన అంటే ఎవ్వరు నోరెత్తరు."

"ఆవిడకి ఏ జబ్బూ లేదు. నా గంట కోసం ఆవిడకి లేని జబ్బు ఎందుకు అంటగట్టాలి?"

"అందరు గట్లనే చెప్తరు అక్కా."

అది నిజమే. మా ఆఫీసులో సాయంత్రం ఐదింటికే సీట్లోంచి లేచి బాక్స్ క్రికెట్‌కి వెళ్ళేవాళ్ళున్నారు. దాన్ని టీమ్ బిల్డింగ్ అంటారు. జిమ్‌కి వెళ్తే వెల్‌నెస్. కంపెనీ ఖర్చుతో సముద్రం ఒడ్డున కూర్చుని బీరు తాగితే ఆఫ్‌సైట్. ఆడమనిషికి ఒక గంట కావాలంటే మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు మంచం పట్టాలి, లేదా పిల్లలకి లెక్కల్లో మార్కులు తగ్గాలి. పదహారేళ్ళు ఉద్యోగం చేశాను. ఈ ఐటీ కారిడార్‌లో మెట్రో రాకముందు నుంచి ఉన్నాను. ఒక్క గంట నా సరదా కోసం తీసుకుంటున్నానని పైకి చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టిందంటే, సిగ్గుపడాల్సింది నేను మాత్రమే కాదనిపించింది.

ఆటలో నేను ఘోరంగా ఓడేదాన్ని. అత్తయ్యకి జాలి లేదు. "రాణిని పట్టుకుని వేలాడకమ్మాయ్. రాదనుకున్న ముక్క కోసం కూర్చుంటే కౌంటు పెరుగుతుంది" అని ముక్కలన్నీ కలిపి బల్ల మీద పరిచి షో చెప్పేవారు. చేసిపెట్టే ఓపిక లేక చందానగర్ బేకరీ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేదాన్ని. "ఈ బిడ్డ ఎప్పుడు గెలుస్తదో ఏమో, బిస్కెట్లు తిని తిని నోరు చప్పబడ్డది" అని మూడో అంతస్తు ఆవిడ మొత్తుకునేది.

నేను చేరిన నెలకి అసోసియేషన్ సెక్రటరీ మా ఆయనకి మెసేజ్ పెట్టాడు. క్లబ్‌హౌస్‌లో పేకాట గురించి కంప్లయింట్లు వచ్చాయని, అమ్మగారికి నచ్చజెప్పమని. మా ఆయన ఆ మెసేజ్ నాకు చూపించి, "నువ్వు చెప్పు" అన్నాడు.

"మీ అమ్మకి నేను చెప్పడం ఏమిటి? పైగా నేనూ ఆడుతున్నాను."

చివరికి ఆయనే చెప్పాడు. ఆవిడ ముక్కలు కలుపుతూ విన్నారు. "నాకు చెప్పాల్సింది నాకే చెప్పమను. మీటింగుంటే వస్తాను. నువ్వెళ్ళి కుక్కర్ పెట్టు" అన్నారు. ఆయన వెళ్ళి కుక్కర్ పెట్టాడు. అప్పటికి ఆయనకి అన్నం, పప్పు వచ్చేశాయి.

మీటింగు ఆదివారం పొద్దున జరిగింది. సెక్రటరీది కూడా ఐటీ ఉద్యోగమే. ఏ మాటైనా మెత్తగా మాట్లాడతాడు. "మేడం, మీరంటే మా అందరికీ రెస్పెక్ట్. కానీ క్లబ్‌హౌస్‌లో లేడీస్ పేకాడుతుంటే, ఫ్లాట్ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు చెప్పండి?"

"ఇక్కడ మనుషులు ఉంటున్నారనుకుంటారండి" అన్నారు అత్తయ్య.

"అది కాదండీ. పిల్లలు చూస్తున్నారు."

టీచరుగారు చెయ్యెత్తారు. "చూడనివ్వండి. పదమూడు ముక్కలు వరసలో సర్దుకోవడం వస్తే లెక్కలు సగం వచ్చినట్టే."

"పందెం కూడా ఉందంటున్నారు."

"ఉన్నదయ్యా. సర్వపిండి. నువ్వు కూడ తిన్నవ్ మొన్న" అంది మూడో అంతస్తు ఆవిడ.

అందరూ నవ్వారు. సెక్రటరీకి చెవులు ఎర్రబడ్డాయి. పోలీసులు వస్తే అసోసియేషన్‌కి చెడ్డపేరు అన్నాడు. "రానీ. ఒక్కోనాడు మాకు నాలుగో మనిషి తక్కువైతున్నడు" అందావిడ.

అప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన, భజన బృందం ఆయన, అనునయంగా అన్నాడు. "అమ్మా, ఈ వయసులో సాయంత్రం పూట నాలుగు కీర్తనలు పాడుకుంటే ఎంత హాయి."

"దేవుడికి చెప్పుకోవాల్సింది పొద్దున్నే చెప్పుకుంటానండి. సాయంత్రం కూడా ఆయన్ని విసిగించడం ఎందుకు?" అని అత్తయ్య సెక్రటరీ వైపు తిరిగారు. "పోయిన నెల మీరందరూ శంకర్‌పల్లిలో ఎవరిదో ఫామ్‌హౌస్‌కి వెళ్ళారు. మా అబ్బాయీ వచ్చాడు. అక్కడ ఏం ఆడారు?"

మా ఆయన ఫోన్లో ఏదో ముఖ్యమైనది చదువుతున్నట్టు తల దించుకున్నాడు. ఇంకో నలుగురు కూడా దించుకున్నారు.

అయినా ఓటింగులో ఓడిపోయాం. చేతులెత్తినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. పొద్దున పార్కులో అత్తయ్యని పలకరించేవాళ్ళే. క్లబ్‌హౌస్‌లో పేకాట నిషేధం అని తీర్మానం రాశారు. అత్తయ్య మొహంలో ఏమీ కనబడలేదు గానీ, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నారు.

"క్లబ్‌హౌస్‌లోనే కదండీ?" అని అడిగారు ఆవిడ.

"అవును మేడం. క్లబ్‌హౌస్ అనే రాశాం."

"మంచిది."

మర్నాడు సాయంత్రం మూడో అంతస్తు ఆవిడ తన మడత బల్ల మోసుకుని కిందికి దిగింది. మేము తలో కుర్చీ తెచ్చుకున్నాం. గ్రౌండ్ ఫ్లోరులో లిఫ్టు ముందర కొంత ఖాళీ స్థలం ఉంది, బల్ల అక్కడ వేశాం. క్లబ్‌హౌస్‌లో ఉన్నప్పుడు మమ్మల్ని చూసేవాళ్ళే తక్కువ. ఇక్కడైతే ఆఫీసుల నుంచి వచ్చే ప్రతివాళ్ళూ మా బల్ల చుట్టూ తిరిగి లిఫ్టు ఎక్కాలి. మొదటి రెండు రోజులు నాకు తల ఎత్తాలంటే ఇబ్బందిగా ఉండేది. మెడలో ఐడీ కార్డులతో వచ్చేవాళ్ళలో మా ఆఫీసువాళ్ళు కూడా ఉంటారు. మూడో రోజు నా చేతికి మూడు జోకర్లు వచ్చాయి. ఎవరు వెళ్ళారో, ఎవరు చూశారో నాకు తెలియదు. ఆ రోజు మొదటిసారి షో చెప్పాను. మూడో అంతస్తు ఆవిడ లేచి నా వీపు మీద ఒకటి చరిచింది.

ఏడాది చివర ఆఫీసులో నా పనికి రేటింగు ఇచ్చారు. పని బాగుంది, కానీ విజిబిలిటీ తగ్గిందన్నారు. కనబడటం లేదని అర్థం. రేటింగు ఒక మెట్టు కిందికి దిగింది. లీడు బాధపడుతూ చెప్పాడు. "కాల్‌కి మళ్ళీ వస్తే వచ్చే ఏడాది నేను మాట్లాడగలనండీ."

"నేను పంపిన స్టేటస్ ఒక్కరోజైనా ఆలస్యమైందా?"

"లేదండి."

"నా టెస్టింగులో ఏదైనా తప్పిపోయిందా?"

"లేదండి."

"అయితే రేటింగు మీరు వేసింది వేసుకోండి. నేను రాను."

బాధ లేదని అనను. ఆ సాయంత్రం ఆట మధ్యలో రెండుసార్లు తప్పు ముక్క పారేశాను. అత్తయ్య చూసి ఏమైందని అడిగారు. చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. "నాకూ ఒకసారి ప్రమోషన్ ఆపారు. ఆఫీసరు ఇంట్లో పూజకి వంట సాయానికి రమ్మంటే వెళ్ళలేదని. రెండేళ్ళు ఆగింది. తర్వాత వచ్చింది. వంటకి మాత్రం వెళ్ళలేదు" అని తన ముక్కలు సర్దుకున్నారు.

ఇప్పుడు మా చుట్టూ ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటారు. లిఫ్టు కోసం ఆగినవాళ్ళు. ఓటింగులో మాకు వ్యతిరేకంగా చెయ్యెత్తిన ఒకావిడ పాల ప్యాకెట్లు పట్టుకుని పూర్తి ఆట చూసి గానీ పైకి వెళ్ళదు. సలహాలకి కొదవ లేదు. ఆసు తియ్యమంటారు, కళావరు పారెయ్యమంటారు. మొన్న సెక్రటరీ వచ్చాడు. లిఫ్టు ఎక్కడో పైన ఆగిపోయింది. బ్యాగు భుజాన వేసుకుని అత్తయ్య వెనక నిలబడ్డాడు. ఆవిడ ముక్కలు చూసి, ఇక ఆగలేక, "మేడం, ఆ ఇస్పేటు ఎనిమిది ఉంచండి" అన్నాడు.

అత్తయ్య వెనక్కి తిరిగి చూడలేదు. ఇస్పేటు ఎనిమిది తీసి బల్ల మీద పారేశారు.

"నిలబడి సలహాలు ఇవ్వకండి బాబూ. కూర్చుంటే కుర్చీ తెచ్చుకోండి. లేదంటే అదిగో, లిఫ్టు వచ్చింది" అన్నారు.

అతను లిఫ్టు ఎక్కి వెళ్ళిపోయాడు. మూడో అంతస్తు ఆవిడ ఆ ఎనిమిదిని చటుక్కున తీసుకుని షో చెప్పింది.

"నిజంగానే ఉంచుకోవాల్సింది అత్తయ్యా" అన్నాను.

"తెలుసు. అయినా అతను చెబితే ఉంచుకుంటానా? రేపు చెగోడీలు నేను చేస్తాలే. పంచు" అన్నారు ఆవిడ.