మోతి ముందట, మటన్ నా ఈపు మీద

చాయ్ తర్వాత తాగుదురు గానీ ముందు గిది వినుండ్రి. పోయిన ఐతారం నేను మూడు కిలోల మటన్‌ను గుట్ట ఎక్కిచ్చి, గుట్ట దించి, గోదారి ఒడ్డుకు చేర్చిన. పొద్దంత మా కుక్క మోతి నా ఎంబడే ఉన్నది. అయినా ఒక్క ముక్క పోలే. అంటే గెలిచినట్టే గదా? గెలిచిన. ఎట్ల గెలిచిన్నో చెప్పెటప్పుడు మాత్రం నవ్వొద్దు.

మా బామ్మర్ది శీను దుబాయిల ఉంటడని మీకు ఎరుకే. రెండేండ్లకు ఒక్కపారి వస్తడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒక్కటే పాట, గోదారి ఒడ్డుకు నా చేతి మటన్ తినాలె అని. వచ్చి నెల దాటింది. వానికి చుట్టాలు, నాకు షిఫ్టులు, కుదరనే లేదు. మిగిలింది ఆ ఐతారం ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి హైదరాబాద్ బస్సు, తెల్లారితే విమానం. ఆ పూట తప్పితే మళ్ళ రెండేండ్లు ఆగాలె. అందుకే నేను డ్యూటీకి కూడ పోలే. డబల్ జీతమొచ్చే ఐతారం డ్యూటీ ఇడిసిపెట్టిన్నంటే అర్థం చేస్కోండ్రి, వాడంటే నాకు ఎంత పానమో.

పొద్దుగాల ట్రాలీ ఆటో వచ్చింది. గంజులు, కట్టెలు, బియ్యం, మా అత్త, నా పెండ్లాం పద్మ, శీను, అన్నీ అండ్లనే. మోతి కూడ ఎగిరి కూసున్నది. డ్రైవర్ దిగి చేతులు కట్టుకొని నిలవడ్డడు. మటన్ పోయే బండ్ల కుక్కను ఎక్కియ్యనన్నడు. ఆయనను అనేటట్టు లేదు. పోయిన బోనాలకు మా మోతి ఎదురింటోళ్ళ వాకిట్ల అద్ద కిలో కార్జం ఒక్కతే తిన్నది, ఆ ఇల్లు ఆయనదే.

అయితే ఫికర్ లేదు, మటన్ బండ్ల పోనియ్యి, మోతిని నేను గుట్ట మీంచి నడిపిచ్చుకొని వస్త అన్న. రోడ్డు చెన్నూరు దిక్కు చుట్టు తిరిగి పోతది. గుట్ట దాటితే గంటన్నరల గోదారి. తొవ్వ తెలుసా బావా అని శీను అడిగిండు. నాకు నవ్వొచ్చింది.

"ఇరవై నాలుగేండ్ల సంది బొగ్గు బాయి దిగుతున్నరా. చీకట్ల తప్పిపోనోన్ని, ఎండల తప్పిపోతనా?"

అని చెప్పులేసుకొని, తలుపు పక్కన మేకుకున్న సంచి భుజానికి ఏసుకొని, మోతి గొలుసు పట్టుకొని బయలెల్లిన. చలికాలం పొద్దు, సల్లటి గాలి, గుట్టంత మోదుగ చెట్లు. మోతి ముందట ఉరుకుతుంటే దానికి బాయి ముచ్చట్లు చెప్పుకుంట ఎక్కిన. లోపట తొవ్వ తప్పితే పరేషాన్ కావద్దే, నిలవడాలె, మంచి గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చూడాలె, ఆ గాలికి ఎదురు నడవాలె. పై నుంచి లోపటికి వచ్చే గాలి గదా, దానికి ఎదురు పోతే బయటికి తేలుతం. మోతి మంచిగనే విన్నది.

సగం గుట్ట ఎక్కినంక దూపయింది. ఒక చెట్టు కింద కూసున్న. ఆ చెట్టుకు ఎవరో పచ్చ చీర పీలిక కట్టిండ్రు. సంచి జిప్పు తీసిన. నీళ్ళ సీసా లేదు. అరటిపండ్లు లేవు. పెద్ద స్టీలు డబ్బా ఉన్నది. మూత తీస్తే పసుపు, ఉప్పు, అల్లమెల్లిగడ్డ పట్టిచ్చిన మటన్. మూడు కిలోలకు మూడు కిలోలు.

నేను చూసిన. మోతి చూసింది. మా ఇద్దరిల ఒక్కరికే సంతోషమైంది.

ఏమైందో అక్కన్నే సమజైంది. నా డ్యూటీ సంచి మందంగ ఉంటది, కారదు అని పద్మ మటన్ డబ్బా అండ్ల పెట్టి, ఆటోల ఏద్దామని మేకుకు తగిలిచ్చింది. నా కోసం వేరే సంచిల నీళ్ళు, పండ్లు, సకినాలు సదిరింది. నా చెయ్యేమో చెప్పులేసుకోంగనే మేకు మీదికే పోయింది. ఇరవై నాలుగేండ్ల అలవాటు, చేతికి మెదడుతోని పనే లేదు. ఏ రెండిటిని ఎడం చేద్దామని నన్ను నడిపిచ్చిండ్రో, ఆ రెండూ నా కాడనే ఉన్నయి. మటన్ అనుకొని ఆ సకినాల సంచినే ఆటోల ఏస్కొని ఉంటరు, గోదారి ఒడ్డుకు ఉత్త గంజులు పోయినయి.

ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. అప్పటికి తొమ్మిదిన్నర. తొందరగ పోదామని ఉన్న బాట ఇడిసిపెట్టి అడ్డంగ పడ్డ. అదే నేను చేసిన ఘనకార్యం. పావుగంటల బాట లేదు, ముందట లేదు, ఎనుక లేదు. అంత పరికి కంప.

పరేషాన్ కాలే. బాయిల నేర్చింది ఉన్నది గదా. నిలవడ్డ. గాలి మొఖం మీద కొట్టింది. ఎదురు నడిచిన. అది తిరిగింది, నేనూ తిరిగిన. ఇంకో దిక్కు నుంచి కొట్టింది, అటు పోయిన. మంచి పద్ధతిగ, ఒక్క అడుగు తప్పకుంట నడిచి పచ్చ చీర పీలిక కట్టిన చెట్టు కాడికి వచ్చిన.

సరే, ఒక్కపారి ఎవరికైనా అయితది. మళ్ళ బయలెల్లిన. ఈపారి ఇంకా ఉషారుగ నడిచిన. మళ్ళ అదే చెట్టు. మూడోపారి వచ్చెటాల్లకు మోతి నేను కూసోకముందే నీడకు పండుకున్నది.

బాయిల గాలికి ఫ్యాన్లు పెట్టి, తలుపులు పెట్టి తొవ్వ చూపిస్తరు. గుట్ట మీద గాలికి ఎవడు చెప్పాలె? ఆ ముచ్చట నాకు అప్పుడు యాదికొచ్చింది.

పదకొండున్నర అయింది. మటన్ ఉడుకుడుకే గంటన్నర పడతది. డబ్బాను ఒళ్ళె పెట్టుకొని కూసున్న. వాడు దుబాయిల రూముల ఎనిమిది మందితోని పండుకుంట, రెండేండ్లు ఈ కూర కోసం చూసిండు. ఇప్పుడు పప్పు తిని బస్సు ఎక్కుతడు. నిజం చెప్తున్న, నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. మోతి దగ్గరికొచ్చింది. ఇగ డబ్బా మీద పడతదనే అనుకున్న. అది డబ్బాను చూడనే లేదు. లేచి నిలవడి, ముక్కు పైకి పెట్టి, చెవులు నిక్కపొడిచి, నన్ను గుంజుడు మొదలువెట్టింది.

గాలికి ఎదురు గుంజుతుంది. నేను చెప్పినట్టే.

మొదలు తిట్టిన. తర్వాత, ఎట్లాగు పీలిక చెట్టు కాడికే వస్తం గదా, పోతే పోయింది అని డబ్బా నెత్తికి ఎత్తుకొని దాని ఎంబడి నడిచిన. అది మాత్రం నా తీరు గాలి తిరిగినప్పుడల్లా తిరుగలే. గాలి పక్కకు పోతే ఆగింది, మళ్ళ వచ్చెదాక చూసింది, వచ్చినంక కదిలింది. కంపల నుంచి గుంజింది, అంగి చినిగింది. ఒర్రెల దిగింది, నేను జారి మోకాళ్ళ దాక బురదల పడ్డ. డబ్బా మాత్రం నెత్తి మీదనే ఉన్నది. ఒర్రె దాటినంక అప్పుడు నా ముక్కుకు తగిలింది. ఉల్లిగడ్డ ఏగుతున్న వాసన.

ఇంక గొలుసు ఇడిసిపెట్టిన. ఇద్దరం ఉరికినం.

చెట్లు అయిపోంగనే ఇసుక, ఇసుక అవతల గోదారి, ఇవతల మూడు రాళ్ళ పొయ్యి మీద గంజు. శీను గంటె పట్టుకొని ఉల్లిగడ్డలు తిప్పుతుండు. పన్నెండు దాటి పది నిమిషాలు. మోతి ముందట, దాని ఎనుక నెత్తి మీద డబ్బాతోని నేను, మోకాళ్ళ దాక బురద, సగం అంగి. మా అత్త నన్ను చూసి మొదలు గుర్తువట్టలే. గుర్తువట్టినంక ఈలలేసింది. డెబ్బై ఏండ్ల మనిషి ఈల ఏస్తదని నాకు అప్పటిదాక తెల్వది.

మటన్ లేకుంట ఉల్లిగడ్డలు ఎందుకు ఏగిచ్చిండ్రని అడిగిన. పద్మ చెప్పింది. సంచి ఇప్పితే సకినాలు ఎల్లినయంట, అందరు నెత్తికి చేతులు పెట్టుకున్నరంట. ఇగ పప్పు వండుదామని ఆమె అంటే శీను ఒప్పుకోలేదంట.

"అక్కా, ఇరవై నాలుగేండ్లు బాయి నుంచి ఇంటికి వచ్చిండు, గీ గుట్ట మీంచి రాడా? పొయ్యి అంటియ్యి."

గా మాటకు నా అలసటంత పోయింది. చెయ్యి కడిగి గంజు ముందట కూసున్న. మిరప్పొడి తిన్నగ పడ్డది, ముక్క మెత్తగ ఉడికింది. రెండింటికి విస్తర్లు పడ్డయి. శీను మూడుపార్లు అడిగి ఏపిచ్చుకున్నడు, తల ఎత్తలే. నాలుగింటికి బస్సుల కూసొని చెయ్యి ఊపుతుంటే కూడ వాని వేళ్ళకు మసాలా వాసనే ఉండొచ్చు. అంత సంబురం నాకు నా పెండ్లిల కూడ కాలే.

మొదటి విస్తరి మాత్రం మోతికే ఏసిండ్రు. నల్లి బొక్క కూడ దానికే. డ్రైవర్ సొంతంగ వచ్చి ఏసిండు. నాకు అందరికంటె ఆఖరుకు దొరికింది, షేర్వ ఎక్కువ, ముక్కలు తక్కువ.

నేను తింటుంటే పద్మ పక్కన కూసొని, నెమ్మదిగ, ఎవరికి వినపడకుంట అడిగింది.

"అవు గానీ, ఇరవై నాలుగేండ్లు బాయిల నీ ముందట ఎవరు నడిచిండ్రు?"

మీరైతే ఏం చెప్తురు? మా గ్యాంగుల లింగన్న ముందట, నేను ఆయన ల్యాంపు ఎలుగు చూస్కుంట ఎనుక. మొదటి దినం నుంచి అంతే. లింగన్న పోయిన నెల రిటైర్ అయిండు. ఇప్పుడు ఆ పోస్టు మోతికిచ్చిన.