ఐపీ పెట్టిన మా తోడల్లుడు

మా తోడల్లుడు పోయాడని మొన్న పొద్దున మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ బయట, లోడు కోసం నిలిచిన లారీల వరుసలో ఉన్నాను. ఆయన పత్తికొండలో తను ఉండే అద్దె ఇంట్లోనే, పొద్దుటి నమాజు చదువుకుని కాసేపు నడుం వాల్చి, మళ్లీ లేవలేదట. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట ఏడుపు రాలేదు, అసూయ కలిగింది. బతికినంత కాలం నాకంటే హాయిగా నిద్రపోయిన మనిషి, పోయేటప్పుడు కూడా నిద్రలోనే పోయాడు.

మేమిద్దరం అక్కచెల్లెళ్లను చేసుకున్నాం. ఆయన పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. ఆయనకు పత్తికొండ మార్కెట్లో టమాటా మండీ ఉండేది, నాకు రెండు లారీలు. ఇద్దరం దాదాపు ఒకేసారి అప్పుల్లో మునిగాం. రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోసిన ఏడాది ఆయన మునిగాడు. ఫైనాన్సులో కొన్న రెండో లారీకి బాడుగలు దొరక్క నేను మునిగాను. ఆయన వెళ్లి కోర్టులో ఐపీ, అంటే దివాలా పిటిషను, పెట్టాడు. నేను ఇంకో చోట అప్పు తెచ్చి పాత అప్పుకు వడ్డీ కట్టాను.

ఐపీ పెట్టాడంటే మా వైపు ఎగ్గొట్టాడనే అర్థం. ఆస్తులు బామ్మర్ది పేర రాసేసి, చేతులు దులుపుకుని కోర్టు మెట్లెక్కేవాళ్లను చూసి చూసి జనానికి ఆ మాటంటేనే ఏవగింపు. ఈయన మాత్రం పిటిషను వేయకముందే, అప్పిచ్చిన ప్రతివాళ్ల ఇంటికీ వెళ్లాడు. ఇల్లూ మండీ కోర్టుకు అప్పగిస్తున్నానని, అమ్మితే వచ్చింది అందరికీ వంతుల ప్రకారం పంచుతారని, అంతకు మించి తన వల్ల కాదని ముఖం మీదే చెప్పాడు. నన్ను తోడు రమ్మన్నాడు. ఎరువుల అంగడి షావుకారు ఇంటికి వెళ్లినప్పుడు నేను బయట బైకు దగ్గరే ఆగిపోయాను. షావుకారు అమ్మానాయనలను కలిపి తిట్టాడు. అంతా విన్నాక ఈయన అన్న మాట నాకు వీధిలోకి వినబడింది.

"తిట్టేదానికి నీకు హక్కుండాదప్పా, వినేదానికి నాకు ఓపికుండాది. ఇచ్చేదానికే దుడ్లు లేవు."

తిరిగి వచ్చేటప్పుడు బజారు నడిమధ్య నిలబడి నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. తిట్లు పడింది ఆయన. ఒక్క బజ్జీ కూడా మింగుడు పడనిది నాకు.

ఆ తర్వాత మా అత్తగారింట్లో నేను మర్యాదస్తుడినయ్యాను. పండగకు పొట్టేలు కాళ్ల పాయా ముందుగా నా గిన్నెలోకే వచ్చేది, ముక్కలన్నీ నాకే. ఆయన మిగిలిన పులుసులో రొట్టె ముంచుకుని, వేళ్లు నాకుతూ తినేవాడు. ఆయన ఫోను మంచం మీద పడి ఉండేది, మోగితే ఎవరో ఒకరు ఎత్తేవాళ్లు. నాది నోరు మూసుకుని జేబులో ఉండేది. అప్పులవాళ్ల ఫోనుకు అది వణికినప్పుడల్లా ముద్ద గిన్నెలోనే వదిలి పెరట్లోకి వెళ్లేవాణ్ణి. ఇంత పోగొట్టుకున్నవాడికి అంత ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు అంతుపట్టేది కాదు.

ఆ కడుపుమంటలోనే ఒక పాడుపని చేశాను. వదిన బంగారు గాజులు దాచిపెట్టారని షావుకారు చెవిన వేశాను. షావుకారు, ఆస్తుల లెక్క చూడ్డానికి కోర్టు నియమించిన రిసీవరు దగ్గరికి పరుగెత్తాడు. తీరా చూస్తే, ఆడమనిషి సొమ్ము రాయక్కర్లేదని లాయరు చెప్పినా వినకుండా, భార్యాభర్తలిద్దరూ ఆ గాజులను ముందే లెక్కలో చూపించి అప్పగించేశారు. ఈ సంగతి మార్కెట్టంతా పాకింది. ఎగ్గొట్టాడన్న నోళ్లే నిజాయితీపరుడన్నాయి. ఇంకొకరి మండీలో లెక్కలు రాసే పని పిలిచి మరీ ఇచ్చారు. ఆయన కోసం నేను తవ్విన గోతిలో ఆయనకు నీళ్లు పడ్డాయి.

అప్పటినుంచి ఆయన జేబులో ఒక ఉప్పు పొట్లం ఉండేది. సాయంత్రం పని దిగాక, ఎవరూ కొనని నలిగిన టమాటా ఒకటి ఏరుకుని ఉప్పద్దుకుని తినేవాడు. ధర లేనప్పుడే దీనికి రుచి ఎక్కువని నవ్వేవాడు.

గాజుల పుకారు ఎవరు పుట్టించారో ఆయనకు తెలుసనే నా అనుమానం. ఎన్నడూ అడగలేదు. పైగా ఒకసారి ఎర్రగుంట్ల వచ్చి, లారీ క్యాబిన్లో నా పక్కన కూర్చుని, నన్ను కూడా పిటిషను వేయమన్నాడు. లాయరు దగ్గరికి తనే తోడు వస్తానన్నాడు. మరి నా మర్యాద ఏం కావాలని అడిగాను.

"ఆ మర్యాద గూడా నువ్వు వడ్డీకే తెచ్చుకుంటాండావప్పా," అన్నాడు. "అదీ ఒకనాడు తీర్చల్ల గదా."

కోపంతో నెల రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక లారీ ఫైనాన్సువాళ్ల చేతికి పోయింది. మా ఆవిడ గొలుసు మెరుగు పెట్టిస్తానని తీసుకెళ్లి తాకట్టు పెట్టి, గిల్టుది తెచ్చి ఇచ్చాను. ఆమె ఇప్పటికీ అదే వేసుకుంటోంది. ఈ రాత అచ్చయ్యేలోగా ఆమెకు నేనే చెప్పాలి.

జనాజా నమాజుకు ముందు, పోయినవారి కొడుకు నిలబడి బాకీల సంగతి అడగడం మాలో ఆనవాయితీ. మార్కెట్లో సగం మంది అక్కడే ఉన్నారు. ఆయన కొడుకు తన తండ్రి ఎవరికైనా బాకీ ఉంటే చెప్పమని, ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించమని అడిగాడు. నేను షావుకారు వైపు చూశాను. ముసలివాడైపోయాడు. వరుసల వెనక చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

"కోర్టు ఇప్పించినంత ఇప్పించింది, తక్కింది నేనెప్పుడో వదిలేసినా," అన్నాడు. "మీ నాయన నాకేం బాకీ లేడు."

నా కొడుకు నా పక్కనే ఉన్నాడు. రేపు వాడిలా నిలబడి అడిగితే ఎంతమంది నోరు తెరుస్తారో తలుచుకుని, తెల్లగుడ్డ కప్పుకుని పడుకున్న మనిషి మీద మళ్లీ అసూయపడ్డాను. పోయినవాడికి ఎవరు బాకీ ఉన్నారని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే ముందు నేనే చెప్పాలి. నమాజు అయ్యాక, ఏం చెప్పబోతున్నానో తెలియకుండానే నా చెయ్యి పైకి లేచింది. మోయడానికి వంతు అడుగుతున్నాననుకుని జనం దారిచ్చారు. జనాజా మంచం ముందు కొమ్ము కింద భుజం పెట్టాను. అవతలి కొమ్ము షావుకారు పట్టుకున్నాడు. ఆయన పొడగరి, నేను పొట్టివాణ్ణి. దారి పొడుగునా జనాజా నా వైపే ఒరిగింది.