గూడబాతుల ఊరికి నడక

నాకు నడక ఇష్టం లేదు. ఏలూరులో కాలవల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఇంటి నుంచి ఆఫీసుకు సైకిలు మీద వెళ్తాను. అక్కడ ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఇతరులు నడిచి కొలిచి వచ్చిన గట్లకు నక్షలు గీస్తాను. నేలతో నా సంబంధం అంతవరకే.

పోయిన ఫాల్గుణంలో, పెళ్లయ్యాక జరిపే పదహారు రోజుల పండుగకు అత్తవారింటికి వెళ్లాను. తాడేపల్లిగూడెంలో రైలు దిగి, పెంటపాడు మీదుగా బండిలో వెళ్లాలి. కొల్లేటి వైపు వరిచేల మధ్య ఉన్న పల్లె. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ అన్నగారు తాంబూలం నములుతూ ప్రకటించారు.

"రేపు తెల్లారేసరికి మిమ్మల్ని గూడబాతుల దగ్గరికి నడిపించుకెళ్తామండీ బావగారూ. మావైపు వచ్చి అవి చూడకుండా వెళ్లిన అల్లుడు లేడండీ."

గూడబాతులంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద తెల్లపిట్టలు. ఏటా చలికాలానికి వచ్చి, అక్కడికి నాలుగు మైళ్ల దూరాన ఒక ఊళ్లో తాటిచెట్ల మీద గూళ్లు కడతాయి. నేను రానన్నాను. వరసగా కారణాలు కూడా చెప్పాను: బూట్లు కొత్తవి, ఎండ పడదు, పిట్టల మీద ఆసక్తి లేదు.

"బూట్లకి బదులు చెప్పులిస్తాం. ఎండకి గొడుగిస్తాం. ఆ మూడోదానికే మా ఊళ్లో మందు లేదండీ."

అరుగు మీదున్న వాళ్లంతా నవ్వారు. మా ఆఫీసులో ఇలా మాట్లాడితే గొడవవుతుంది. ఇక్కడ దీన్ని మర్యాద అంటారు.

ఆ సాయంత్రం పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే మా ఆవిడ చెంబు అందిస్తూ మెల్లగా అడిగింది.

"రేపు నన్నూ తీసుకెళ్తారాండీ?"

"నువ్వు చూడలేదా?"

"పైన ఎగురుతుంటే చూశాను. పొద్దున్నే మా పెరటి మీంచే కొల్లేటికి పోతాయి. గూళ్లు చూళ్లేదు. పిల్లలు తల్లి నోటి సంచిలో తల దూర్చి తింటాయంట. అన్నయ్య ఏటా చూసొచ్చి చెప్తాడు."

నాలుగు మైళ్ల దూరంలో ఉన్నదాని గురించి ఈ పిల్ల పద్దెనిమిదేళ్లుగా వింటూనే ఉంది. "దానికేం, రా" అన్నాను. ఆడవాళ్లు వస్తే బండి కడతారనే ఆశ కూడా నాకు లేకపోలేదు.

తెల్లవారుజామున విషయం చెప్పాను. మామగారు తలగుడ్డ చుట్టుకుంటున్నవారు ఆగారు.

"ఆడపిల్ల పొలాల వెంటపడి నడవడమేంటి బాబూ. నలుగురూ చూస్తే బాగుండదండీ."

ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఎదుటివాడు అరిస్తే మనమూ అరవొచ్చు. ఈ మెత్తదనాన్ని ఎక్కడ పట్టుకుని లాగాలో తెలియదు. పోనీ బండి కట్టిద్దామన్నాను.

"గట్ల మీద బండా?" అన్నారు బావగారు. "మీ నక్షల్లో అయితే నడుస్తుందేమోనండీ!"

మళ్లీ నవ్వులు. తలుపు అవతల మా ఆవిడ జడ బిగించి వేసుకుని, చీర కాస్త ఎత్తి కట్టుకుని సిద్ధంగా నిలబడి ఉంది. లోపలికి వెళ్లిపోయింది. నేను వాకిలి దాటేసరికి కవ్వం చప్పుడు వినిపించింది. మజ్జిగ చిలికే చప్పుడులా లేదు, ఎవరినో కొడుతున్నట్టు ఉంది.

మొదటి మైలు కాలవ గట్టు. అది పరవాలేదు, మా శాఖ కట్టించినదే. తర్వాత చేలలోకి దిగాం. చేలకు నీరు పారే పంట బోదె దాటాలంటే చెప్పులు చేత పట్టుకోవాలి. దాటి మళ్లీ వేసుకునేలోగా ఇంకో బోదె. విసుగొచ్చి చేతనే పట్టుకుని నడిచాను. కోసిన వరి దుబ్బులు ఎండి మేకుల్లా ఉన్నాయి. వాటి మధ్య మినుము తీగలు. ఎక్కడ అడుగు వేయాలో చూసుకుంటూ నేను వెనకబడితే బావగారు ఆగి, "తొందర లేదండీ. కొలుచుకుంటూ రండి" అనేవారు.

నా కోపం అంతవరకు కాళ్లదే. ఆ తర్వాత ఎదురుగా ఆడవాళ్లు వచ్చారు. మినుము పీకడానికి వెళ్తున్న కూలీలు, పాతికమంది పైనే. నెత్తిన గంజి ముంతలు, చంకన పిల్లలు. మేము నడుస్తున్న గట్టు మీదే, మాకంటే రెట్టింపు వేగంతో వస్తున్నారు. బావగారు పక్కకు తప్పుకుని దారిచ్చారు.

"వీళ్లు ఆడవాళ్లు కారాండీ?" అన్నాను.

"వాళ్లు పనికెళ్తున్నారు కదండీ."

"మరి మనం?"

"మనం చూడ్డానికి వెళ్తున్నాం."

ఆయనకు తన జవాబులో లోపమేమీ కనిపించలేదు. ఆడది మోయడానికి నడిస్తే ఊరు ఒప్పుకుంటుంది. పని చేయడానికి నడిస్తే ఒప్పుకుంటుంది. చూడ్డానికి నడిస్తే మాత్రం నలుగురూ ఏమనుకుంటారు? ఆ నలుగురూ ఎవరో ఆ దారి పొడవునా వెతికాను. నాకు ఒక్కరూ కనిపించలేదు.

ఆ ఊరు చేరాం. నేను ఎంత వద్దనుకున్నా చెప్పక తప్పదు, అది చూడాల్సిన చోటే. తాటిచెట్ల తలలన్నీ తెల్లగా ఉన్నాయి. ప్రతి మట్ట మొదట్లోనూ ఒక గూడు. గోడలు, కప్పులు, కింద కట్టేసిన గేదెల వీపులు, అన్నీ సున్నం కొట్టినట్టున్నాయి. చేపల కంపు ముక్కు పగలగొడుతోంది. ఊళ్లో ఎవరూ వాటి మీద రాయి వేయరు. రెట్ట చేలకు బలమని ఊడ్చి ఎత్తుకుంటారు. కొల్లేటి వైపు నుంచి ఒక పెద్ద పిట్ట రెక్క కదపకుండా జారుతూ వచ్చి వాలింది. పిల్ల ఒకటి గోల పెట్టి, దాని నోట్లోకి మెడదాకా దూరిపోయింది.

మా ఆవిడ చెప్పినట్టే ఉంది. చూడకుండానే అంత సరిగ్గా చెప్పింది. కాళ్లు నొప్పెడుతున్న నేను చూస్తున్నాను. నాకు అక్కర్లేదు మొర్రో అన్నా తీసుకొచ్చారు.

"ఎలా ఉందండీ బావగారూ?"

"మీ చెల్లెలికి చూపించాల్సింది."

ఆయన నవ్వి, తేగలు కొనడానికి వెళ్లారు.

ఇంటికి వచ్చాక భోజనానికి లేవలేదు. అరుగు మీద మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాను. అది నిజమైన కోపం. నోరు తెరిస్తే ఏమంటానోనని మూసుకున్నాను. కాసేపటికి ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. అందులో ఆందోళన లేదు సరికదా, సంబరం వినిపించింది.

"అల్లుడుగారు అలిగారు!"

పెళ్లిలో అలకపాన్పు ఎక్కించినప్పుడు, ఆ వేషాలు నచ్చక, ఏమీ కోరకుండా దిగిపోయాను. అది వాళ్లకు వెలితిగా ఉండిపోయిందట. ఇప్పుడది తీరబోతోందని ఇల్లంతా సంతోషించింది. మామగారు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"చెప్పండి బాబూ. చేతి గడియారమాండీ? ఉంగరమాండీ? మొహమాటపడకండి."

నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపానికి ఆ ఇంట్లో పెట్టి ఉంచిన చోటు అది ఒక్కటే. నేను ఏం అరిచినా అది గడియారం కోసమే అవుతుంది. లేచి కూర్చున్నాను.

"మీ అమ్మాయి గూడబాతుల్ని చూడాలి. రేపు. అదే నేను కోరేది."

మామగారి ముఖంలో నవ్వు ఆగింది. "ఇంకేదైనా అడగండి బాబూ."

"ఇంకేమీ అక్కర్లేదండీ."

అప్పుడు గుమ్మంలోంచి అత్తగారు అన్నారు. "అలక మీద అడిగింది కాదంటే ఇంటికి మంచిది కాదండీ. పంపండి."

ఆయన చాలాసేపు తలగుడ్డ విప్పి చుట్టుకున్నారు. చివరికి సరేనన్నారు.

మర్నాడు అదే దారి. నా అరికాళ్లకు అత్తగారు ఆముదం రాసి గుడ్డలు చుట్టారు. మా ఆవిడ చెప్పులు లేకుండా, అన్నగారిని కూడా దాటి ముందు నడిచింది. బోదెలు ఒక్క అంగలో దాటింది. నావైపు ఒక్కసారి కూడా తిరగలేదు. మినుము చేలో కూలీలు నడుం ఎత్తి చూశారు, మళ్లీ వంగి పనిలో పడ్డారు.

తాటిచెట్ల కింద తల పైకెత్తి నిలబడింది. నేను కుంటుతూ వెళ్లి పక్కన చేరాను. సంతోషిస్తుందనుకున్నాను. సంతోషం ఉంది, దాని పక్కనే ఇంకోటీ ఉంది. మొహం ఎర్రగా కందిపోయింది.

"గడియారం బదులు నన్ను పంపమని అడిగారట కదా," అంది.

"మరి ఇంకో దారి లేదు."

"ఇన్నేళ్లూ నేను అడిగితే నాన్న కాదన్నారు. మీరు అలిగితే ఇచ్చారు." పైన పిల్లపిట్ట ఒకటి అరిచింది. ఆమె చూపు దాని మీదే ఉంది. "వచ్చే ఏడు మళ్లీ చూడాలంటే మీరు మళ్లీ అలగాలాండీ?"

ఎండెక్కుతోందని బావగారు గట్టు మీది నుంచి పిలిచారు. ఆమె కదల్లేదు. రెండోసారి పిలిచారు.

"నేను రాను. కావాలంటే మీరెళ్లండి," అని అరిచింది. అంత గట్టి గొంతు ఆ ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు.