జయలక్ష్మమ్మ కూర్చున్న ఉదయం

ఉప్పళం పేటకు ఎవరైనా చరిత్ర రాస్తే, ఫ్రెంచివారి రాకపోకల తరువాత చెప్పవలసిన విషయం ఒకటుంది: జయలక్ష్మమ్మ కూర్చోదు. పెళ్ళై అత్తింట అడుగు పెట్టింది మొదలు నేటి వరకు ఆమె నిలబడే కాఫీ తాగింది, నిలబడే పిల్లల తగవులు తీర్చింది, భర్త వరదరాజులుగారి కోపాలన్నీ నిలబడే విన్నది. భోజనానికి కూర్చుంటుందని ఒక వదంతి ఉంది గాని సాక్ష్యం దొరకలేదు.

ఈ చరిత్రను మార్చవలసిన అవసరం కొడుకు కదిరవన్‌కు వచ్చిపడింది. అతను బొమ్మలు వేస్తాడు. ఊళ్ళో జరగబోయే చిత్రప్రదర్శనకు 'పల్లెతల్లి' అనే బొమ్మ ఇస్తానని ఒప్పుకున్నాడు. అతనికి అదే మొదటి ప్రదర్శన. శుక్రవారానికి ఇవ్వకపోతే గోడ మీద ఆ చోటు ఇంకొకరికి పోతుంది. బొమ్మలో పూరిల్లు వచ్చింది, ఆవు వచ్చింది, దూడ కూడా వచ్చింది. తల్లి మాత్రం రాలేదు. పల్లెతల్లిగా కుదిరిన జయలక్ష్మమ్మ పుట్టి పెరిగింది ఉప్పళంలోనే. ఆవును దగ్గరగా చూసింది క్యాలెండరులో.

“అమ్మా, కొంచేపు ఈ పీట మీద కూచో.”

“నేను కూచుంటే పప్పు ఎవురు చూసేది, నీ ఆవా?”

అంటూనే కూర్చోబోయింది. కుక్కర్ కూసింది. మళ్ళీ కూర్చోబోయింది. మేడ మీద వడియాల దగ్గర కాకి వాలింది. కోడలు లోకేశ్వరి వంటింటి గడపలోంచి తమాషా చూస్తూ, “అత్తా, మీరు లేచే బొమ్మే వెయ్యమనండి. అదైతే ఈ పొద్దే అయిపోతాది” అన్నది.

గురువారం పొద్దున కదిరవన్ పెరటి తలుపు తీశాడు. జయలక్ష్మమ్మ పీట మీద కూర్చుని ఉంది. తల కాస్త వంచి, రెప్ప వేయకుండా కిందికి చూస్తోంది. ఆ ముఖంలో ఎంత ఓర్పు, ఎంత ఎదురుచూపు. అతను ఊపిరి బిగబట్టి పెన్సిల్ అందుకున్నాడు. సాయంత్రానికి ఒళ్ళో చంటిబిడ్డతో పల్లెతల్లి తయారైంది.

ప్రదర్శనలో ఒక పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుని ఆ బొమ్మ ముందు నిలబడ్డారు. లోకంలోని తల్లులంతా ఈ చూపులో ఉన్నారన్నారు. ఇది బిడ్డ భవిష్యత్తును చూస్తున్న చూపు అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

జయలక్ష్మమ్మ కొడుకు చెయ్యి గిల్లింది.

“బాగుండాదిరా. అయితే ఈ బిడ్డ యాడ్నుంచి వచ్చినాడు? ఆడ నేను పెట్టింది బిందె కదా?”

“మెల్లగా అమ్మా.”

ఆ గురువారం ఉప్పళంలో కొళాయి నీళ్ళు సన్నగా వచ్చాయి.