పడవని వెనక్కి పెట్టిన శుక్రవారం

మొన్న ఆదివారం మా అల్లుడు కొత్తగా కొన్న కారుని వెనక్కి తీసి ఇంట్లో పెడుతుంటే, మా ఆవిడ ఎప్పటి అలవాటు ప్రకారం కొంగు నడుముకి దోపుకుని, కారు వెనక నిలబడి, రెండు చేతులూ ఊపుతూ "రానీ, రానీ" అని మొదలుపెట్టింది. అంతే, కారు పీక్ పీక్ మంటూ ఒకటే గోల. అల్లుడు అద్దం దించి, పాపం మర్యాదగానే, "అత్తయ్యగారూ, కాస్త పక్కకి రండి, మీరు అడ్డం ఉన్నారనే అది అరుస్తోంది" అన్నాడు. ఆవిడ వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అడ్డమట! దాదాపు నలభై ఏళ్ల కిందట దుబాయ్‌లో ఆవిడ అలా వెనక నిలబడకపోతే నా బతుకు ఏమయ్యేదో అల్లుడికేం తెలుసు, ఆ కారుకేం తెలుసు?

మా ఆవిడ నాకన్నా ఏడాది ముందే నర్సుగా దుబాయ్ వెళ్లింది. ఆవిడ బర్ దుబాయ్‌లో నర్సుల హాస్టల్లో, నేను క్రీక్ అనే ఉప్పుటేటికి అవతల నైఫ్‌లో తొమ్మిది మంది పడుకునే ఒక గదిలో. హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ తాళి కట్టిన మొగుడినైనా లోపలికి రానిచ్చేవాడు కాదు. పెళ్లయి మూడేళ్లయినా మా కాపురమంతా శుక్రవారం ప్రార్థన అయ్యాక క్రీక్ ఒడ్డున కూర్చుని వేరుశెనక్కాయలు తినడంతోనే సరిపోయేది. చీకటి పడేసరికి ఆవిడ అటు, నేను ఏరు దాటించే అబ్రా పడవ ఎక్కి ఇటు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన మన ఈడు వాళ్లకి ఈ అవస్థ చెప్పక్కర్లేదు.

అలాంటప్పుడు నాకో ఉద్యోగం దొరికింది. మా కఫీల్‌కి, అంటే నాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానికి, ఒక తెరచాప పడవ ఉండేది. కాకినాడ అవతల సముద్రపు ఊరివాణ్ణి, తెరచాప ఎత్తడం దించడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు కనుక ఆ పడవ నాకప్పగించాడు. మూడు నెలలు చూస్తానన్నాడు. నచ్చితే పని ఖాయం, దాంతోపాటు తెరచాపలు దాచే కొట్టు వెనక ఒక గది, దానికో వంటమూల, పెళ్లాన్ని తెచ్చుకోవచ్చు. ఆ గది తలుపు సందులోంచి ఎన్నిసార్లు తొంగి చూశానో లెక్కలేదు. మంచం ఎటు వేయాలో కూడా నిర్ణయించుకున్నాను.

పడవని గాలికి నడపడం నాకు నీళ్లు తాగినంత సులువు. వచ్చిన చిక్కల్లా తిరిగొచ్చాక నిలబెట్టడంతోనే. ఆ రేవులో ఒక్కో పడవకీ నీటి మీద తేలే రెండు చెక్కబల్లల మధ్య ఒక ఇరుకు గూడు ఉంటుంది. దర్జాగా ముందు నుంచి దూరిపోతే ఏం పోయింది? కాదట! కఫీల్ చుట్టాలు వెనక నుంచి ఎక్కాలట, అందుకని అమరం, అంటే పడవ వెనక భాగం, ముందుగా లోపలికి పోవాలట. చాప దించేసి, అడుగున ఉన్న చిన్న ఇంజను వేసి, మొత్తం పడవని వెనక్కి నడిపించుకు రావాలి. మా ఊళ్లో తాతల నాటి నుంచీ ఒక్కడైనా నావని వెనక్కి ఒడ్డుకి తెచ్చాడా? కెరటం మీద ముందుకు రావడం, ఇసక తగలగానే దూకి భుజం పెట్టడం, అంతే మాకు తెలిసింది.

ముందుకి పోతున్నంతసేపూ బుద్ధిగా ఉండే ఆ పడవ, వెనక గేరు వేశానో లేదో, ఎడమ పక్కకి ఈడ్చుకుపోయేది. గుద్దుకుంటానేమోనని భయపడి నెమ్మది చేస్తే చుక్కాని అసలు మాట వినేది కాదు, గాలి దాని ఇష్టమొచ్చినట్టు తిప్పేసేది. పైగా ఒడ్డున పనీపాటా లేనివాళ్లంతా నాకు గురువులే. ఒకడు "వరా, వరా", అంటే వెనక్కి వెనక్కి, అని అరబ్బీలో, ఒకడు "ఆనే దో", అంటే రానీ, అని హిందీలో, ఇంకొకడు "స్టాప్, స్టాప్" అని ఇంగ్లీషులో, అందరూ ఒక్కసారే. ఎవడి మాట వినను?

అసలు అప్రదిష్ట అది కాదు. పడవ పక్క పడవ మీదికి పోతోందనిపించగానే నా ఒళ్లు నా మాట వినేది కాదు. అమాంతం నీళ్లలోకి దూకి భుజం పెట్టేసేవాణ్ణి. మా ఊళ్లో కాళ్ల కింద ఇసక ఉంటుంది. అక్కడ మూడు నిలువుల లోతు! భుజం పెట్టడమేమిటి నా మొహం, బుడుంగున మునిగి, ఉప్పునీళ్లు తాగి పైకి తేలేసరికి పడవ తాపీగా వెళ్లి పక్కవాళ్ల పడవని గీరేసి ఉండేది. అలా ఒకసారి కాదు, మూడుసార్లు దూకాను. మూడోసారి ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది, నీళ్లలో పంకా నా కాలికి జానెడు దూరంలో ఉంది. ఒడ్డున ఉన్న కఫీల్ మొహం తెల్లగా పాలిపోయింది. నన్ను పైకి లాగించి, "పాగల్! ఏక్ బార్ ఔర్ కూదేగా, ఖలాస్, టికెట్!" అన్నాడు, అంటే ఇంకోసారి దూకితే ఇంటికి పంపేస్తాడన్నమాట. వచ్చే శుక్రవారం చుట్టాలతో వస్తాననీ, అదే ఆఖరి అవకాశమనీ చెప్పేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం క్రీక్ ఒడ్డున మా ఆవిడ అంతా విని నా మీద జాలిపడుతుందనుకున్నాను. జాలా! పడి తిట్టింది.

"కాలు తెగితే మా ఆసుపత్రికేగా తెచ్చేది, నేనేగా కట్టు కట్టేది! అసలు మీరు వెనక్కెళ్తా ముందుకెందుకు చూస్తన్నారండీ? చక్రాల కుర్చీలో రోగిని లిఫ్టులోకి మేం ఎలా ఎక్కిస్తాం? మేమే వెనక్కి తిరిగి, వెళ్లే వైపు చూసుకుంటా, గుమ్మం దాటేదాకా ఆగకుండా లాగేస్తాం. గుమ్మంలో ఆగితే చక్రం ఇరుక్కుంటది."

సముద్రం ఎరగని మనిషి నాకు పడవ నేర్పడమేమిటని పౌరుషం వచ్చింది కానీ, రాత్రంతా ఆ మాటే చెవిలో తిరిగింది. వారమంతా గూడు జోలికి పోకుండా, దూరంగా ఖాళీ నీళ్లలో, ముఖం అమరం వైపు తిప్పుకుని నిలబడి వెనక్కి నడిపాను. వేగం ఉంటే చుక్కాని వింటోంది! ఎడమకి ఎంత లాగుతుందో తెలిశాక, ఆ మేరకు కుడివైపు నుంచే మొదలుపెట్టాను. ఇంత చిన్న విషయం చెప్పడానికి ఒడ్డున ఉన్న అంతమంది గురువుల్లో ఒక్కడికీ నోరు రాలేదు.

శుక్రవారం కఫీల్ చుట్టాలతో వచ్చాడు. తిరిగొచ్చేసరికి గాలి లేచింది. చాప దించి, వెనక్కి తిరిగి చూస్తే గూడు చివర చెక్కబల్ల మీద మా ఆవిడ. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, తెల్ల బట్టల్లోనే ఉంది. మామూలు గురువులందరూ నోళ్లు తెరిచారు. వాళ్లందరినీ మించి గట్టిగా అరిచింది: "దూకారంటే నా మీద ఒట్టే! నన్నే చూడండి. రానీ, రానీ!" ఆవిణ్ణి తప్ప ఇంకేమీ చూడలేదు నేను. ఆవిడ కుడిచెయ్యి ఊపితే కుడికి, ఎడమచెయ్యి ఊపితే ఎడమకి. గాలి ఒక్క తోపు తోసింది, పక్క పడవ మూరెడు దూరానికి వచ్చింది, నా కాలు అంచు మీదికి పోనే పోయింది. "ఒట్టు!" అని కేక. కాలు వెనక్కి తీసుకున్నాను. ఆపకుండా రానిచ్చాను. ఆవిడ రెండు అరచేతులూ ఎత్తాక ఆపాను. తాడు అందిస్తే ఆవిడే పట్టుకుంది. కఫీల్ జేబులోంచి గది తాళంచెవి తీసి నా చేతికి కాదు, ఆవిడ చేతికిచ్చాడు.

ఆ గదిలో తొమ్మిదేళ్లు ఉన్నాం. మా అమ్మాయి పాకింది ఆ చాపల కొట్టులోనే. మొన్న ఆ వైపు నుంచి వచ్చిన మా తమ్ముడి కొడుకు చెప్పాడు, ఇప్పుడు పడవల్ని పక్కకి కూడా నెట్టే ఇంజన్లు వచ్చాయట, బొత్తాం నొక్కితే గూట్లోకి వెళ్లిపోతాయట, బల్ల మీద మనిషే ఉండక్కర్లేదట. మంచిదే, ఎవడి కాళ్లూ తెగవు. కానీ నాకు ఆ సుఖం వద్దనిపించింది, ఎందుకో చెప్పమంటే చెప్పలేను.

నిన్న పొద్దున నా పాత స్కూటరు వసారాలోంచి వెనక్కి తీస్తూ, ఏ అవసరమూ లేకపోయినా, మా ఆవిణ్ణి పిలిచాను. ఈ వయసులో చాదస్తమేమిటండీ అని విసుక్కుంటూనే వచ్చింది. గేటు దగ్గర నిలబడి, కొంగు దోపుకుని, చేతులెత్తి, "రానీ" అంది.