పెదనాయన కోటు మూడో గుండీ

ఇప్పుడు కొత్త చొక్కా కొంటే లోపలి అంచున అదనంగా ఒక గుండీ కుట్టి ఇస్తున్నారు. అది చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. కావలిలో కరెంటు దీపమున్న ఇళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టగలిగిన ఆ రోజుల్లో చొక్కాకు గుండీ అదనం కాదు, గుండీకే చొక్కా అదనం. చొక్కా చిరిగి మసిగుడ్డయ్యేది, మసిగుడ్డ పీలికలై పొయ్యిలోకి పోయేది, గుండీ మాత్రం ఇంకో చొక్కాకు ఎక్కి కూర్చునేది. చాకిరేవు బండమీద బాదితే గుండీలు పగిలిపోతాయని మా అవ్వ (నాన్నను కన్నతల్లి) మూట కట్టే ముందు మంచి గుండీలన్నీ కత్తిరించి తీసి, బట్టలు ఉతికి వచ్చాక మళ్ళీ కుట్టేది. వారం వారం ఈ చాకిరీ ఎందుకవ్వా అంటే, "గుండీ పోతే నువ్విస్తావా, మీ నాయనిస్తాడా?" అనేది. ఆ అవ్వే, తన చిన్నతనంలో ఆడవాళ్ళకు గుండీల సంగతే తెలియదనీ, రవిక కొసలు రెండూ ముందుకు లాగి ముడేసుకోవడమేననీ, మొదటిసారి ఒకామె గుండీల రవిక వేసుకుంటే చూడ్డానికి వీధి వీధంతా కదిలిందనీ చెప్పేది. (ఆ ఒకామె ఎవరవ్వా అని అడిగితే, సిగ్గుపడుతూ "నేనే" అనేది.)

నాకప్పుడు పదకొండేళ్ళు. నా ఆస్తి మొత్తం ఒక బిస్కెట్ల రేకుడబ్బా, దాన్నిండా గుండీలు. ఇత్తడివి, గాజువి, కొమ్ముతో చేసినవి, కొయ్యతో చేసినవి, గుడ్డ చుట్టినవి, ఎవరిదో లాల్చీ గొలుసు నుంచి ఊడిన వెండిగుండీ ఒకటి, బండ దెబ్బకు సగమే మిగిలినవి బోలెడు. అప్పుడప్పుడే అంగళ్ళలోకి రంగురంగుల ప్లాస్టిక్ గుండీలు దిగుతున్నాయి, అట్టముక్కకు డజను చొప్పున కుట్టి అమ్మేవాళ్ళు. వాటిని నేను డబ్బాలోకి రానిచ్చేదాన్ని కాదు. నిన్న మొన్న పుట్టినవి పెద్దల మధ్య కూర్చోవడమేమిటని నా అభిప్రాయం. మాది చర్చికి పోయే కుటుంబం. ఏటా క్రిస్మస్ ముందు సముద్రాల అవతల ఎవరో పుణ్యాత్ములు పంపిన పాతబట్టల మూటలు మా చర్చికి వచ్చేవి. వాళ్ళ మనసు మంచిదే, కాదనను. కానీ కావలి ఎండల గురించి వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు. మూట విప్పితే ఉన్ని కోట్లు, ఉన్ని చేతితొడుగులు, చెవులమీదికి దిగే టోపీలు! ఆడవాళ్ళు వాటిని విప్పదీసి దిండ్లలోకి కూరేవాళ్ళు. ఒకామె గేదెదూడకు కోటు తొడిగింది కూడా. గుండీలు మాత్రం నాకే వచ్చేవి. నేను గుమ్మంలో కనబడితే చాలు, "అదో, గుండీల పిల్ల వచ్చె" అని కత్తెర వెతుక్కునేవాళ్ళు.

నా కత్తెరకు అందకుండా బతికిపోయిన కోటు ఒక్కటే, అది మా పెదనాయన కోటు. పెదనాయన అంటే నాన్నకు అన్న, రిటైరైన ఎలిమెంటరీ బడి అయ్యవారు, చర్చిలో పెద్ద. ముగ్గురు కూతుళ్ళు, పెద్దామె టీచరు ట్రైనింగు చదువుతోంది. ఒక ఏడాది మూటలో ఆయన వంతుకు నల్లటి ఉన్ని కోటు వచ్చింది, మెడదాకా గుండీలున్నది. అందరిలా దిండులో కూరకుండా ఆయన దాన్ని తొడుక్కున్నాడు. ఇక విప్పలేదు. మేనెల ఎండలో సైతం ఆదివారం పొద్దున అయిదు గుండీలూ పెట్టుకుని, మెడ దగ్గర తెల్లటి చొక్కా కాలరు మెరుస్తుండగా, చెమటలు కారుతూ ముందు వరుసలో కూర్చునేవాడు. చర్చి అయ్యాక భోజనానికి మా ఇంటికి వచ్చేవాడు. అవ్వ ప్రతి వారం అదే మాట అనేది: "ఒరే పెద్దోడా, ఆ కోటు ఇప్పి కూర్చోరా, ఉడికిపోతా ఉండావు." ఆయన ప్రతి వారం అదే జవాబు చెప్పేవాడు: "అలవాటైపోయుండాదిలేమ్మా." దొర వేషం మోజు అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను. కాకపోతే నా చూపు కోటుమీద కాదు, దాని మూడో గుండీమీద ఉండేది.

ఆ కోటుకు పైవి రెండూ కిందివి రెండూ మామూలు నల్లకొమ్ము గుండీలు. మూడోది మాత్రం ముత్యపు చిప్పతో చేసినది. ఏ దేశంలోనో, ఏ అవ్వ చేతిలోనో అసలు గుండీ ఊడిపోయి ఉంటుంది, ఆవిడ తన డబ్బాలో వెతికి జోడు దొరక్క దీన్ని కుట్టి ఉంటుంది. అటూ ఇటూ తిప్పితే పొద్దుటిపూట తుమ్మలపెంట సముద్రంలో కనిపించే రంగులన్నీ అందులో కనబడేవి. అటువంటిది నా డబ్బాలో ఒక్కటీ లేదు. అది లేకపోతే మిగతావన్నీ ఎందుకు, బావిలో పారెయ్యడానికా అన్నంత దిగులు పట్టుకుంది నాకు. దొంగతనం పాపమని సండే స్కూల్లో గట్టిగా చెప్పారు. కానీ దారిలో పడినదాన్ని ఏరుకోవడం పాపమని ఎవరూ చెప్పలేదు. కాబట్టి గుండీ దానంతటదే దారిలో పడాలి. దానికి రవంత సాయం చెయ్యాలి, అంతే.

జనవరిలో ఒక ఆదివారం భోజనాలయ్యాక సూదీ దారం పట్టుకుని వెళ్ళాను. "పెదనాయనా, నీ గుండీ వదులైపోయుండాది. కోటిట్లా ఇయ్యి, కుట్టిస్తా."

"ఇప్పేదెందుకుమే? ఇట్నే కుట్టు," అన్నాడు.

"ఒంటిమీద గుడ్డ కుడతారా ఎవురన్నా?" అని అవ్వ అరిచింది. ఆయన వినిపించుకోలేదు. గుండీకి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి కోటును గట్టిగా మూసి పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. సూదికి ఇంత భయమా, బడిపిల్లల్ని బెత్తంతో వాయించిన మనిషికి అని లోపల నవ్వుకున్నాను. ఉన్న గట్టిదారాన్ని పుటుక్కున కత్తిరించి, ఒంటి పోగుతో రెండంటే రెండు పోట్లు వేసి, ముడి వెయ్యకుండా వదిలేశాను. "బాగా కుట్టినావుమే," అని మెచ్చుకున్నాడు.

ఆనాటినుంచి ఆదివారమొస్తే ఆయన వెనకాలే నేను. చర్చికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నాలుగడుగుల దూరంలో, తల వంచుకుని, నేలను చూసుకుంటూ నడిచేదాన్ని. ఆయన మురిసిపోయాడు. "చూడమ్మా, ఈ బిడ్డకు నేనంటే ఎంత పేనమో! గొర్రెపిల్ల మాదిరి నా ఎనకాల్నే వస్తా ఉండాది," అని అవ్వకు చెప్పి, దారిలో నాకు వేయించిన చెనక్కాయలు కొనిపెట్టేవాడు. గొర్రెపిల్ల చెనక్కాయలు తింటూ, "పెదనాయనా, రైలు ఏ పక్క నుంచి వస్తాది?" అని అడిగేది, చెయ్యెత్తి చూపిస్తే పోగు తెగుతుందని. ఆయన చెయ్యెత్తి మద్రాసు వైపూ బెజవాడ వైపూ ఓపిగ్గా చూపించి, స్టేషన్లన్నీ వరసగా అప్పజెప్పేవాడు. గుండీ కదిలేది కాదు. నా జన్మలో నేను కుట్టిన గుండీలన్నిట్లో ముడి లేకుండా అన్నాళ్ళు నిలిచింది అదొక్కటే.

మార్చిలో కోతపండగ వచ్చింది. పంట ఇంటికొచ్చాక ఎవరికి కలిగింది వాళ్ళు చర్చికి తెచ్చి అర్పించడం, ఆరాధన అయ్యాక వాటిని అక్కడే వేలం వెయ్యడం మా వాళ్ళ ఆచారం. మొలగొలుకుల వడ్లు, నిమ్మకాయలు, ఎండుచేపలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, అన్నీ కుప్పపోసి ఉన్నాయి. వేలం వేసేది ఎప్పుడూ పెదనాయనే. ముప్పయ్యేళ్ళు ఎక్కాలు చెప్పించిన గొంతు అది. నేను పిల్లలతో కలిసి ముందు చాపమీద కూర్చున్నాను. మిగతా పిల్లలు కోళ్ళను చూస్తున్నారు. నేను గుండీని చూస్తున్నాను. ఆయన ఒక పెద్ద గుమ్మడికాయ అందుకుని, వెనకవాళ్ళకు కూడా కనిపించాలని రెండు చేతులా తలమీదికెత్తాడు. టప్పుమంది. గుండీ నేలమీద పడి, దొర్లుకుంటూ తిన్నగా వచ్చి నా కాలిబొటనవేలికి తగిలి ఆగింది. గబుక్కున పిడికిట్లోకి తీసుకుని తలెత్తాను.

కోటు మధ్యలో నోరు తెరుచుకుంది. లోపల చొక్కా లేదు. మెడకు తెల్ల కాలరు ఉంది, దాని కింద నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ వేలాడుతోంది. అంతే చొక్కా. దాని కింద వట్టి ఎముకలగూడు, నెరిసిన వెంట్రుకలు. ఆయన టక్కున గుమ్మడికాయ దించి రొమ్ముకు అదుముకున్నాడు. కోళ్ళ గోలలో ఇంకెవరూ చూడలేదు, నేను తప్ప.

"రూపాయి!" అని వెనకనుంచి కొడవలూరు మామ పాడాడు. మామ అవ్వ తమ్ముడి కొడుకు. పెదనాయనకు వరసకు బావమరిది, కాబట్టి దొరికితే వదిలే రకం కాదు. పెదనాయన "ఒకటోసారి" అన్నాడు. "రెండోసారి" అన్నాడు. మూడోసారి అంటే కాయ ఇచ్చెయ్యాలి. కాయ ఇచ్చేస్తే రొమ్ము బయటపడుతుంది. "రెండోసారి" అన్నాడు మళ్ళీ. ఇది మామూలు గుమ్మడికాయ కాదన్నాడు. దీని పాదుకు నీళ్ళు పోసినవాళ్ళ భక్తి గురించి చెప్పాడు, పులుసు పెడితే ఎట్లా ఉంటుందో చెప్పాడు, విత్తనాలు వేయించుకుంటే ఎంత బలమో చెప్పాడు. "రెండోసారి..." ఇంతలా చెబుతున్నాడంటే కాయలో ఏదో మహిమ ఉండి తీరాలని ఇంకెవరో పాట పెంచారు. మామకు పౌరుషం వచ్చి ఇంకా పెంచాడు.

"రెండోసారి," అన్నాడు పెదనాయన, నీరసంగా.

"ఏంది బావా, రెండు తర్వాత మూడని బళ్ళో నువ్వే గదా చెప్పినావు మాకు!" అని మామ అరిచాడు. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులో పెదనాయన కళ్ళు నావైపు తిరిగాయి. కోపం లేదు వాటిలో. భయం ఉంది. పెద్దవాళ్ళు కూడా అట్లా భయపడతారని నాకప్పటిదాకా తెలియదు. సూదితో కుట్టిన రోజు ఆ రెండు చేతులూ కోటును ఎందుకు మూసి పట్టుకున్నాయో అప్పుడర్థమైంది. పిడికిట్లో గుండీ నిప్పుకణంలా కాలింది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

సూదీ దారం లేవు. ఉన్నది ఒక్కటే, బొందు తెగిన నా పావడాను నడుముకు నిలబెట్టిన పిన్నీసు. లాగేశాను. ఎడమచేత్తో పావడా పట్టుకుని లేచి, "బరువుగా ఉండాది గదా పెదనాయనా, నేనూ పడతా," అంటూ గుమ్మడికాయ కింద దూరాను. రెండు చేతులూ కావాలి కాబట్టి పావడాను మోకాళ్ళతో బిగించాను. (ఆ భంగిమలో నన్ను ఎవరూ ఫొటో తీయనందుకు దేవుడికి స్తోత్రం.) ఆయన ఊపిరి బిగబట్టాడు. కోటు అంచులు రెండూ కలిపి పిన్నీసు గుచ్చాను.

"మూడోసారి!" అని పెదనాయన వేసిన కేకకు కోళ్ళు సైతం నోరు మూసుకున్నాయి. "ఇంత ఖరీదు కాయ మా వంశంలో ఎవురూ తినలా," అని గొణుక్కుంటూ మామ గుమ్మడికాయ మోసుకుపోయాడు.

ఇంటికి పోయే దారిలో నేను పావడా పట్టుకుని, ఆయన పిన్నీసు మీద చెయ్యి వేసుకుని నడిచాం. "గుండీ యాడన్నా కనబడిందామే?" అని అడిగాడు. "లేదు పెదనాయనా," అన్నాను, గుండీ పిడికిట్లో ఉండగానే. అంత పని చేసినదాన్ని ఆ గుండీ కూడా ఇచ్చెయ్యొచ్చు కదా అంటారా? నాకూ అదే అర్థం కాదు ఇప్పటికీ. డబ్బాలో దాన్ని వెండిగుండీ పక్కన పెట్టాను. రోజుకు పదిసార్లు మూత తీసి చూశాను. రంగులన్నీ అట్లాగే ఉన్నాయి. సంతోషమే రాలేదు. మూత తీసినప్పుడల్లా ఆ ఎముకలగూడే కనబడేది.

శనివారం ఇక ఉండబట్టలేక సూది, దారం, గుండీ తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. "దొరికింది పెదనాయనా, కోళ్ళగంప కింద ఉండింది," అని ఇంకో అబద్ధం ఆడాను. ఆయన గుండీ అందుకోలేదు. కోటు అంచు ఎత్తి, గుండీ ఊడినచోట ఇంకా వేలాడుతున్న ఒంటి పోగును వేలితో చూపించాడు. "ఈ తూరి రెండు పోగులు పెట్టి కుట్టుమే. ముడి కూడా వెయ్యి," అన్నాడు.

నేను భోరుమన్నాను. "ఏడవబాక," అన్నాడు. "నువ్వు చూసింది నువ్వు చెప్పబాక, నేను చూసింది నేను చెప్పను. సరేనా?" తలూపి కుట్టడం మొదలుపెట్టాను. రెండు పోగులు కాదు, నాలుగు పెట్టాను. దారం అయిపోయేదాకా కుట్టాను. సూది ఇంక దూరనన్నాక ఆపాను.

ఆ మాట ఇద్దరమూ నిలబెట్టుకున్నాం. పెదనాయన పెద్దకూతురు టీచరు ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో వాళ్ళ నాయనకు రెండు చొక్కాలు కుట్టించింది, వీపూ చేతులూ అన్నీ ఉన్నవి. అయినా ఆయన కోటు మానలేదు, నిజంగానే అలవాటైపోయింది పాపం. నేను ట్రైనింగు చదివే రోజుల్లో ఆయన పోయాడు. లోపల కొత్తచొక్కా, పైన ఆ కోటు తొడిగి పెట్టెలో పడుకోబెట్టారు. మూత వేసే ముందు వంగి ఆయన రొమ్ముమీద చెయ్యి వేశాను. ఎంత పేనమో పెదనాయనంటే అని చుట్టుపక్కలవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేనూ ఏడుస్తున్న మాట నిజమే. కానీ నా చెయ్యి మాత్రం మూడో గుండీని లాగి చూస్తోంది. కదల్లేదు.

రేకుడబ్బా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. వెండిగుండీ పక్కన ఇంకోటి పట్టేంత జాగా ఎప్పుడూ వదిలిపెట్టి సర్దుతాను. కళ్ళజోడు పెట్టుకుని మా ఇంట్లోవాళ్ళ గుండీలన్నీ నేనే కుడతాను, నాలుగు పోగులు పెట్టి. "ఒక్క గుండీకి ఇంత దారమా?" అని పిల్లలు వేళాకోళం చేస్తారు. చేస్తే చెయ్యనీ. మా ఇంట్లో చొక్కాలు చిరుగుతాయి కానీ గుండీలు ఊడవు.